తాయారు తల మీది మొక్కు

తన జుట్టును ఏడాది కిందటే దేవుడికి మొక్కేశారన్న సంగతి తాయారుకు దసరా ముందురోజు పొద్దున, అరిటాకులు తెచ్చే కూర్మమ్మ నోటి ద్వారా తెలిసింది. పండగ రోజుల్లో పాతపట్నంలో మంచి ఆకు దొరకదు. ముందుగా చెప్పుకున్న ఇళ్ళకే కూర్మమ్మ తెచ్చి ఇస్తుంది. ఆమె గుమ్మంలో కట్ట దించి, చిరుగులున్న ఆకులు పక్కకు తీసి, లేవబోతూ తాయారు జడవైపు చూసి ఆగింది.

"ఇంత జుట్టు. ఆదివారం దాటితే ఉండదు గదమ్మా. మీ అత్త సెప్పినాది. మొగుడి కోసం గుండు కొట్టించుకోడానికి ఈ కాలంలో ఎవులొప్పుకుంటారు తల్లీ? గొప్పదానివి."

తాయారు చేతుల నిండా కడుగుతున్న మినప్పప్పు ఉంది. పొట్టు నీళ్ళు మోచేతుల దాకా కారుతున్నాయి. ఆమె ఏమీ తెలియనట్టు కనబడటం ఇష్టంలేక ఊరికే తల ఊపింది. కూర్మమ్మ వీధి మలుపు తిరిగేదాకా నిలబడి, చేతులు తుడుచుకుని దేవుడి గదిలోకి వెళ్ళింది. అత్తగారు గురమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని వత్తులు చేస్తోంది. తాయారు అడిగితే ఆవిడ తల ఎత్తలేదు.

"ఔనే, మొక్కినాను. ఆ వేళ ఆసుపత్రిలో డాక్టరు పెదవి విరిసేసినప్పుడు మొక్కినాను. నా కొడుకు నడుసుకొని ఇంటికొస్తే కోడలి తలనీలాలు ఇస్తానని అరసవల్లి స్వామికి దండమెట్టినాను. అడిగినది ఇచ్చినాడు. ఏడాది తిరక్కముందే తీర్చేయాల."

"నాతో ఒక్క మాట చెప్పలేదేటత్తా?"

"సెప్పేదేటి? నీ మొగుడు కాడేటి ఆడు?"

అక్కడితో ఆ మాట అయిపోయింది. పత్తి పింజ అరచేతిలో నలుగుతూ వత్తి అవుతోంది. తాయారు వంటింట్లోకి తిరిగి వచ్చి గ్రైండరులో పప్పు వేసింది.

పోయిన దసరా ఆమెకు బాగా గుర్తుంది. భర్త భీమశంకరరావు స్నేహితులతో కలిసి ఒడిశా వైపు కొండల్లోకి వనభోజనానికి వెళ్ళి వచ్చాడు. వచ్చిన పది రోజులకు జ్వరం పట్టుకుంది. మొదట ఊళ్ళో మాత్రలిచ్చారు. తగ్గకపోతే శ్రీకాకుళం తీసుకెళ్ళారు. ముందు మామూలు విషజ్వరమన్నారు, తర్వాత టైఫాయిడ్ అన్నారు, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లో నీరన్నారు, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. బంధువులందరూ వచ్చారు. వరండా కుర్చీల్లో కూర్చుని, తాయారు కిందికెళ్ళి తెచ్చిన ఇడ్లీలు తిని, ధైర్యంగా ఉండమని చెప్పి, ఆఖరి బస్సు దాటిపోతుందని లేచి వెళ్ళారు. గురమ్మ రెండు రోజులుండి, మోకాళ్ళు పట్టేస్తున్నాయని ఇంటికి వెళ్ళిపోయింది. పంతొమ్మిది రోజులు తాయారు ఒక్కతే ఉంది. అయిదో రోజున ఆయన ఒంటి వాసన ఆయనకే పడక విసుక్కుంటుంటే వేడినీళ్ళు తెచ్చి గుడ్డ ముంచి ఒళ్ళంతా తుడిచింది. ఇప్పుడు తుడవద్దు, వణుకు వస్తుందని నర్సు కసిరింది. అయినా తుడిచింది. ఎడమ చంకలో, బాగా లోపలికి, పెసరగింజంత నల్లటి పెచ్చు కనబడింది. సిగరెట్టు అంటుకుని కాలితే పడే మచ్చలా ఉంది. ఆయన సిగరెట్టు కాల్చడు. నొప్పి ఉందా అంటే లేదన్నాడు. తాయారుకు అది మనసులో ముల్లులా దిగిపోయింది. డ్యూటీలో ఉన్న ఈశ్వరి అనే చిన్న డాక్టరమ్మ కోసం మెట్ల దగ్గర గంటన్నర నిలబడి, ఆమె రాగానే చెయ్యి పట్టుకున్నంత పని చేసి మంచం దగ్గరకు తీసుకొచ్చింది. డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. ఈ మధ్య పొదల్లో, గడ్డిలో ఎక్కడైనా తిరిగారా అని అడిగింది. కంటికి కనబడనంత చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరమని, ఇన్నాళ్ళూ వేసింది దానికి మందు కాదని చెప్పి, ఆ సాయంత్రమే మందు మార్చింది. రెండో రోజు తెల్లారేసరికి దుప్పటి తడిసేలా చెమట పట్టి జ్వరం దిగింది.

అప్పుడు తాయారు వరండా చివర కుళాయి దగ్గరకు వెళ్ళి మొహం కడుక్కుంది. ఎదురుగా గోడ మీదుగా ఎండ లేస్తోంది. తడి చేతులు అలాగే జోడించింది. ఏదీ అడగలేదు, ఏదీ ఇస్తాననలేదు. నా కంటికి చూపించావు తండ్రీ అనుకుంది, అంతే. ఈలోగా గ్లూకోజ్ సీసా అయిపోయిందని లోపలి నుంచి పిలిచారు.

ఇంటికొచ్చాక కథ వేరేగా మారిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ గురమ్మ తన మొక్కే కాపాడిందని చెప్పింది, ఏం మొక్కిందో మాత్రం తాయారు వినబడేంత దూరంలో చెప్పలేదు. భీమశంకరరావు తన స్టీలు సామాన్ల కొట్టుకు వచ్చినవాళ్ళతో, అమ్మ పుణ్యం, డాక్టర్ల చలవ అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు తాయారు ఒకసారి కాఫీ గ్లాసులు పట్టుకుని పక్కనే ఉంది. చంకలో పెచ్చు సంగతి చెబుతాడేమోనని ఒక్క క్షణం చూసి, గ్లాసులు పెట్టి వచ్చేసింది. గొడవెందుకు అనుకుంది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆమె ఎక్కువసార్లు అనుకున్న మాట అదే. బీఈడీ చేస్తానంటే కొట్టుకు మనిషి ఎవరుంటారని మామగారన్నప్పుడు గొడవెందుకు. పుట్టింటి నుంచి అమ్మ వస్తే గురమ్మ పాత చాప వేసినప్పుడు గొడవెందుకు. ఆయన పడుకున్న మూడు నెలలూ కొట్టు తనే నడిపి, ఆయన లేచిన మర్నాడు ఇక నువ్వు ఇంట్లో ఉండొచ్చని ఆయన తాళాలు తీసుకున్నప్పుడూ అంతే.

ఆ మధ్యాహ్నం ఆయుధపూజకు బంతిపూల దండలు పట్టుకుని కొట్టుకు వెళ్ళింది. భీమశంకరరావు పొందూరు ఖద్దరు చొక్కా వేసుకుని, జేబులో దువ్వెన తీసి స్టీలు పళ్ళెంలో మొహం చూసుకుంటూ క్రాపు దువ్వుకుంటున్నాడు. మొక్కు సంగతి మీకు తెలుసా అని అడిగింది.

"తెలుసు. ఎండాకాలంలో చెప్పింది అమ్మ."

"మరి నాకు చెప్పాలనిపించలేదా?"

"చెబితే ఇప్పటి నుంచే బెంగ పెట్టుకుంటావని. ఏటైపోద్ది తాయారూ, ఆరు నెలల్లో పెరిగిపోద్ది. నువ్వేటి ఉద్యోగానికెళ్ళాలా?"

"మీకూ పెరుగుతుంది కదండీ."

ఆమె సరదాగా అన్నదనుకుని ఆయన నవ్వాడు. తర్వాత ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు. కొట్టు మీద కూర్చునేవాడిని, గుండుతో కనబడితే ఇంట్లో ఎవరు పోయారని అడుగుతారన్నాడు. అమ్మ ఊరంతా చెప్పేసింది, ఇప్పుడు కాదంటే ఆవిడ మాట పోతుందన్నాడు. దండలు అందుకుని త్రాసుకు కట్టసాగాడు. తాయారు ఇంటికి నడిచి వస్తూ, ఇంట్లో ఎవరు పోయారన్న మాట తనని మాత్రం ఎవరూ అడగరా అనుకుంది. అడిగితే ఏం చెప్పాలో కూడా ఆలోచించింది.

పండగనాడు ఆడపడుచు దుర్గాభవాని విజయనగరం నుంచి భర్త మోహనకృష్ణతో వచ్చింది. ఇల్లు కళకళలాడింది. తాయారు పొద్దున నాలుగింటికి లేచి బూరెలు, గారెలు, పులిహోర, గుమ్మడికాయ దప్పళం చేసింది. అందరూ వరసగా ఆకుల ముందు కూర్చున్నాక గురమ్మ కొడుకు తల నిమిరి, ఈ పండక్కి వీడిలా ముద్ద నోట్లో పెట్టుకుంటాడని ఎవరనుకున్నారని కళ్ళు తుడుచుకుంది. దేవుడు చేసిన మేలు మరిచిపోకూడదని, మరిచిపోతే ఆయన మళ్ళీ గుర్తు చేస్తాడని, ఆ గుర్తు చేయడం మనం తట్టుకోలేమని చెప్పింది. అందరూ చేతులు జోడించారు. మోహనకృష్ణ ఆదివారానికి వ్యాను మాట్లాడానని, అరసవల్లి దర్శనం అయ్యాక భావనపాడు వెళ్ళి సముద్రం దగ్గర భోజనాలు చేద్దామని అన్నాడు. పిల్లా పెద్దా ఉషారెత్తిపోయారు. తాయారు వంగి బూరెకు చిల్లు పెట్టి నెయ్యి పోస్తుంటే భవాని ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీ పసుపుకుంకాలు నిలబెట్టినాడు దేవుడు. దానిముందు జుట్టెంత వదినా?"

ఆ మాటలో ప్రేమ ఉంది. అదే తాయారుకు కష్టంగా తోచింది. ద్వేషంతో అన్నమాటయితే ఎదురు చెప్పడం తేలిక. ఆమె వంటింట్లోకి వచ్చి బూరెల మూకుడు దించుతూ తన మనసును తనే తడిమి చూసుకుంది. జుట్టు మీద మమకారమా? ఉంది, కొంచెం. నడుం దాటిన జడ అది, నలభై రెండేళ్ళకూ నల్లగానే ఉంది. కానీ తనకు తాను అనుకుని ఉంటే ఆ కుళాయి దగ్గరే ఇచ్చేసి ఉండేది. దేవుడంటే కోపమా? లేదు. దేవుడితో తనకున్న మాట చక్కగానే ఉంది, ఏ అరమరికా లేదు. అందరికీ దేవుడు గుర్తున్నాడు. దండం పెట్టడానికి అందరికీ చేతులున్నాయి. చెల్లించాల్సి వచ్చేసరికి మాత్రం ఇంటిల్లిపాదికీ కలిపి ఒక్కటే తల ఉంది, అది తనది. ఆ తలను అడగకుండా తీసుకోవచ్చని అత్తగారికి అనిపించడం ఒక ఎత్తయితే, వేసవి నుంచీ తెలిసి కూడా పక్కన పడుకున్న మనిషికి అందులో తప్పేమీ కనబడకపోవడం మరో ఎత్తు.

శనివారం మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెడుతూ తాయారు, అత్తా, నేను జుట్టు ఇవ్వడం లేదని చెప్పింది. గట్టిగా అనలేదు. తువ్వాలు మడిచినంత నెమ్మదిగా అంది. గురమ్మ నిర్ఘాంతపోయింది. భవాని వదినా వదినా అంటూ లేచి వచ్చింది. గురమ్మ మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. చివరకు గది మూల పుస్తకం చదువుకుంటున్న మనవరాలి వైపు చూసింది. తాయారు కూతురు బిందు ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది.

"నువ్వు ఇయ్యకపోతే మానీ. బిందు ఉన్నాది గదా. తండ్రి పేణం కోసం అది ఇయ్యదేటి?"

బిందు చెయ్యి అప్రయత్నంగా తన జడ మీదకు పోయింది. అందరి మొహాలూ చూసింది, తల్లి మొహం ఒక్కటి తప్ప. మళ్ళీ పుస్తకంలోకి తల వంచింది.

"ఇచ్చేస్తాలే నాయనమ్మా," అంది. "గొడవెందుకు."

తాయారు చేతిలో చీర జారిపోయింది. ఆ మాట పిల్లకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి నేర్చుకుంది. కాఫీ గ్లాసులు పెట్టి వచ్చేయడం చూసి, పాత చాప మీద అమ్మమ్మ పక్కన మాట్లాడకుండా కూర్చోవడం చూసి, తాళాలు ఇచ్చేయడం చూసి నేర్చుకుంది. పదిహేడేళ్ళుగా తను ఇంట్లో శాంతి అనుకుంటున్నది పిల్ల కళ్ళకు ఎలా కనబడిందో తాయారుకు అప్పుడు తెలిసింది. ఆమె లేచి వెళ్ళి కూతురి పక్కన నిలబడింది.

"బిందూ ఇవ్వదు, నేనూ ఇవ్వను. రేపు గుడికి అందరం వెళ్దాం. మొక్కు తీర్చొద్దని నేననడం లేదత్తా. ఇంకొకరి తలతో తీర్చకండి."

సాయంత్రం దాకా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోలేదు. భీమశంకరరావు కొట్టు నుంచి వచ్చి తల్లి చెప్పింది విని, తాయారును ఒకసారి చూసి, రేపు స్వామి దగ్గర నిలబడితే అదే సర్దుకుంటుందిలే అన్నాడు. గురమ్మ కూడా అదే నమ్మింది. తాయారు పులిహోరకు చింతపండు నానబెట్టి, హాయిగా నిద్రపోయింది. చాలాకాలానికి అంత హాయిగా పడుకుంది.

ఆదివారం వ్యాను పొద్దున్నే బయలుదేరింది. దారిపొడవునా వరి వెన్ను తీయబోతూ పొట్టమీద ఉంది. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దాటుతుంటే గురమ్మ కిటికీలోంచి ఆసుపత్రి వీధి వైపు చూసి కళ్ళు మూసుకుంది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ఎదురు సీటులో ఉన్న తాయారు అది గమనించింది. ముసలావిడకు నిజంగానే భయంగా ఉంది. మొక్కు తీరకపోతే కొడుకును మళ్ళీ ఆ మంచం మీద చూడాల్సి వస్తుందేమోనని ఆవిడ బెంగ. తాయారుకు జాలి కలిగింది. ఆ జాలి కలిగినా తన నిర్ణయం ఇసుమంతైనా కదలకపోవడం ఆమెకే ఆశ్చర్యంగా, బాగా అనిపించింది.

అరసవల్లి ఆదివారం జనంతో కిటకిటలాడుతోంది. తలనీలాల చీటీ భీమశంకరరావే కొనుక్కొచ్చి తాయారు చేతికివ్వబోయాడు. ఆమె అందుకోలేదు. లోపల పీటల వరస ముందు కూర్చున్న పెద్దాయన కత్తికి కొత్త బ్లేడు వేసుకుంటూ, ఎవరికి బాబూ అని అడిగాడు. వెనకున్నవాళ్ళు జరగమంటున్నారు. గురమ్మ తాయారు భుజం మీద చెయ్యి వేసి ముందుకు నెట్టబోయింది. తాయారు దాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మొక్కిన నోరు మీది. బతికిన ప్రాణం ఆయనది. మధ్యలో నా తల ఎందుకొచ్చిందత్తా?"

గురమ్మ కొడుకు వైపు చూసింది. భీమశంకరరావు చీటీని మడత మీద మడత పెడుతూ, నలుగురిలో ఏటి తాయారూ ఇది, అని గొణిగాడు. గురమ్మ అతని చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఆవిడ కొడుకు చేతిలోంచి చీటీ లాక్కుని, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా పీట మీద కూర్చుంది. ముడి తనే విప్పుకుంది. భుజాలు కూడా దాటని తెల్ల జుట్టు. రోజూ పొద్దున తాయారు కొబ్బరినూనె రాసి దువ్వి ముడివేసే జుట్టు అది.

"కానీ బాబూ," అంది పెద్దాయనతో. "నానే మొక్కినాను, నానే ఇస్తాను."

కోపంతోనే కూర్చుంది ఆవిడ, కోడలికి సిగ్గు రావాలని. కానీ తల మీద నీళ్ళు పడి, కత్తి నుదుటి మీద ఆనేసరికి ఆ కోపం కాస్తా ఎటో పోయింది. కళ్ళు మూసుకుని సూర్యనారాయణా సూర్యనారాయణా అంటూ ఉండిపోయింది. బిందు తండ్రి వైపు తిరిగి, నాన్నా అంది. భీమశంకరరావు చుట్టూ చూశాడు. మోహనకృష్ణ వేరేవైపు చూస్తున్నాడు. కాసేపటికి ఆయన ఖద్దరు చొక్కా విప్పి, జేబులో దువ్వెనతో సహా కూతురికిచ్చి, ఇంకో చీటీ తెచ్చుకుని తల్లి పక్క పీట మీద కూర్చున్నాడు. మీసం కూడానా అని పెద్దాయన అడిగితే, దాన్ని ఉంచండని గాభరాగా అన్నాడు. భవాని నవ్వు ఆపుకోలేకపోయింది. ఉన్నట్టుండి గురమ్మ కూడా కళ్ళు మూసుకునే నవ్వింది.

తాయారు అత్తగారిని కుళాయి దగ్గరకు నడిపించుకెళ్ళి, తల మీద నీళ్ళు పోసి, మెత్తటి గుడ్డతో తుడిచి గంధం రాసింది. గుండు చిన్నపిల్ల తలలా ఉంది. చెవి వెనక కత్తి గీరుకున్న చోట గంధం కాస్త ఎక్కువ పెట్టింది. గురమ్మ చల్లగా ఉందంది. తర్వాత అడిగింది.

"మరి నువ్వేటి మొక్కుకున్నావే ఆ రోజుల్లో?"

"ఏమీ మొక్కుకోలేదత్తా. ఒళ్ళు తుడిచాను. చంకలో నల్ల పెచ్చు కనబడితే డాక్టరమ్మకు చూపించాను. అది చూశాకే మందు మార్చారు."

గురమ్మ తల తిప్పి కోడలి మొహంలోకి చూసింది. వీడు నాకు సెప్పనేదే, అంది. తాయారు, చెప్పలేదని అంది. ఇద్దరూ దూరంగా పీట మీద ఇంకా అరగుండుతో ఉన్న భీమశంకరరావు వైపు చూశారు. గురమ్మ కోడలి చేతిలోని గంధం గిన్నె తీసుకుంది. వాడికి నేను రాస్తాలే, నువ్వెళ్ళి దర్శనం చేసుకో, అంది. ఆ గొంతు క్షమాపణ అడగలేదు. కానీ ఇరవై ఏళ్ళలో ఆవిడ తాయారును ఒక పనిలోంచి లేపి పంపడం అదే మొదలు.

తాయారు బిందును తీసుకుని వరసలో నిలబడింది. గర్భగుడి ముందుకు చేరేసరికి గంట పట్టింది. పెళ్ళయినప్పటి నుంచీ ఈ గుడికి ఏడాదికోసారైనా వస్తూనే ఉంది. ప్రతిసారీ భర్త పేరు, గోత్రం చెప్పి, సకుటుంబం అన్న మాటలో తను ఎక్కడో ఉందనుకుని దండం పెట్టుకుని వెళ్ళేది. అర్చకుడు పళ్ళెం అందుకుంటూ పేరు చెప్పమన్నాడు.

"తాయారు," అంది.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. "యజమాని పేరమ్మా?"

"ఇది నా ఒక్కదాని పేరు మీదే చేయండి."

అర్చకుడు తలూపి, మనసులో కోరిక చెప్పుకోమన్నాడు. బిందు తల్లి మొహంలోకి చూస్తోంది. తాయారు చేతులు జోడించింది.

"కోరిక కాదండీ," అంది. "స్వామి చేసింది నాకు గుర్తుందని చెప్పుకోడానికి వచ్చాను."